మిరపపండును పరీక్షించిన మహాశాస్త్రజ్ఞుడు

రెండేండ్ల క్రిందట సంక్రాంతి దాటిన మరునాడు మా పెదనాయనగారు తెల్లవారుజామున పెరటిలో ముఖము కడుగుకొనుచుండగా చేతిలోని చెంబు జారి క్రిందపడెను. నోరు ఒక ప్రక్కకు పోయెను. మాట ముద్దకట్టెను. కుడిచేయి ఎత్తుటకు రాలేదు. ఇంటివారి కేకలు విని వీధిలోని పెద్దలు నలుగురు చేరిరి. పక్షవాతమని అందరును ఒక్కమాటగా చెప్పిరి. వారు చెప్పినది నిజమే. పిమ్మట చేసిన పనులే వేరు దారి పట్టినవి. ఒకరు ఆకులు నూరి పసరు తెచ్చి, మ్రింగుటకు శక్తిలేని నోటిలో పోసిరి. ఒకరు పావురపు నెత్తురు రాయవలెననిరి. ఇంకొకరు, మందు పోయువాడు పొరుగూరిలో కలడని చెప్పి, బండి మాటలాడి అచ్చటికి తీసికొనిపోయిరి. బళ్ళారిలోని ఆసుపత్రికి చేర్చునప్పటికి పొద్దు వాలినది. వైద్యులు తలను యంత్రముతో చిత్రము తీయించి చూచి, రక్తనాళమున గడ్డ అడ్డుపడినదనియు, దానిని కరిగించు సూది వేయవలసిన వేళ దాటిపోయినదనియు చెప్పిరి. మా పెదనాయనగారు బ్రతికి బయటపడిరి. కాని నలువది ఏండ్లు మండీలో చిట్టాలు వ్రాసిన ఆ చేతితో నేడాయన సంతకము చేయలేరు.

ఈ సంగతి తరగతిలో ప్రసంగవశమున చెప్పినప్పుడు పదవ తరగతి బాలిక యొకతె లేచి మమ్మొక ప్రశ్న అడిగెను. ఆకులనుండియు వేళ్ళనుండియు మందులు తీయుదురని పాఠ్యపుస్తకములోనే ఉన్నదిగదా, అట్లయినచో ఆ పసరులో మందు లేదని ఎట్లు చెప్పగలమని ఆమె సందేహము. మంచి సందేహమే. లేదని మేమును చెప్పజాలము. ఉన్నదని చెప్పుటకు ఏమి కావలెనో తెలిసికొనవలెనన్నచో, చెట్లలోని రసముల వెంట జీవితమంతయు తిరిగిన ఒక మనుష్యుని కథ వినుట మేలని తోచి, ఆ సంవత్సరము తరగతిలో చెప్పినదానినే ఇక్కడ కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

ఆయన హంగరీ దేశీయుడు. హంగరీవారు మన తెలుగువారివలెనే ఇంటిపేరును ముందును, సొంతపేరును వెనుకను చెప్పుకొందురు. వారి వాడుకలో ఆయన సెంట్ గ్యోర్గి ఆల్బర్టు. ఆ ఇంటిపేరును వారు పలుకు తీరు మన నాలుకకు ఒక పట్టాన లొంగదు. కావున ఈ వ్యాసములో ఆయనను ఆల్బర్టు అనియే పిలుతము.

1893వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన బుడాపెస్టు నగరమున ఆల్బర్టు జన్మించెను. తండ్రి భూవసతి గల గృహస్థుడు. తల్లి వైపువారు మూడు తరములుగా శాస్త్రజ్ఞులు. మేనమామ మిహాయ్ లెన్‌హోషెక్ శరీరనిర్మాణ శాస్త్రమున పేరుపొందిన ఆచార్యుడు. ఇంట నిట్టి వెలుగు ఉన్నను బాలుడు మాత్రము చదువులో మందుడు. పుస్తకమన్న గిట్టదు, పరీక్షలకు ఇంటికి వచ్చి చెప్పు గురువు కావలెను. శాస్త్రజ్ఞుడగుట ఈ బాలునికి తగని పనియని మేనమామ నిశ్చయించి, ఆ మాట దాచుకొనలేదు. పదునారేండ్ల ప్రాయమున ఏమి జరిగెనో గాని ఆల్బర్టు ఒక్కసారిగా మారెను, పట్టుపట్టి చదివెను, ఉన్నతపాఠశాలను మంచి యోగ్యతతో ముగించెను. మేనమామ క్రమముగా మెత్తబడెను. 1911లో ఆల్బర్టు బుడాపెస్టు వైద్యకళాశాలలో చేరెను.

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చి ఆ చదువును నడుమ త్రెంచెను. ఆయనను వైద్యసహాయకునిగా సేనలోనికి తీసికొనిరి. ధైర్యమునకు వెండిపతకము కూడ వచ్చెను. కాని రెండేండ్లు కందకములలో గడపి, ఆ యుద్ధములో తన దేశము ఓడిపోయినదనియు ఇంకను చంపుటయు చచ్చుటయు వృథాయనియు తెలిసికొని, 1916లో తన తుపాకితో తన ఎడమచేతి ఎముకలో తానే కాల్చుకొని, శత్రువు గుండు తగిలినదని చెప్పి ఇంటికి వచ్చెను. ఈ పనిని పిల్లలకు చెప్పవచ్చునా అని మేము కొంత వెనుకాడితిమి. దాచిపెట్టినచో జీవితచరిత్ర జీవితచరిత్ర కాదు. ఆయన కూడ దీనిని జీవితాంతము దాచలేదు. 1917లో వైద్యపట్టము పుచ్చుకొనెను. ఆ ఏడే కోర్నేలియా అను యువతిని వివాహమాడెను. గాయము మానిన పిదప సైనిక వైద్యశాలలో పనిచేయుచు, ఇటలీ ఖైదీలపై అచ్చటి వైద్యుడొకడు అపాయకరమైన పరీక్షలు జరుపుట చూచి ఎదురుచెప్పెను. ఫలితముగా ఆయనను మలేరియా దోమలు నిండిన ఉత్తర ఇటలీ బురదనేలకు పంపిరి.

యుద్ధము ముగిసినది. హంగరీ రాజ్యము ముక్కలైనది. ఆల్బర్టు అప్పుడు పొజోని పట్టణమున పనిచేయుచుండెను. ఆ పట్టణము చెకొస్లొవేకియాలో చేరి బ్రాటిస్లావా అయినది. రాత్రికి రాత్రి సరిహద్దు గీత కదలి, నిన్న సొంతయూరనుకొన్నది నేడు పొరుగు రాజ్యమగుట ఎట్టిదో 1953వ సంవత్సరమున బళ్ళారి చూచినది. దానిని గురించి మన తాతలనడిగినచో మాకంటె బాగుగా చెప్పుదురు. ఆల్బర్టు భార్యను, పసిబిడ్డను వెంటబెట్టుకొని ప్రాగు, బెర్లిను, హాంబర్గు, లైడెను అని ఊరూరా తిరిగెను. డబ్బు లేదు. తిండికి జరుగుట కష్టమయ్యెను. కడకు హాలెండు దేశమున గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమున చిన్న ఉద్యోగము దొరికినది.

ఇక్కడ ఆయన చూపు పడినది చాల చిన్న విషయముపై. బంగాళాదుంపను కోసి గాలిలో ఉంచినచో కొంతసేపటికి నల్లబడును. ఆపిలుపండు, అరటిపండు, వంకాయ కూడ అంతే. మన తల్లులు వంకాయ ముక్కలను తరిగిన వెంటనే నీటిలో వేయుట ఇందులకే. నిమ్మపండు మాత్రము నల్లబడదు. దుంపపై నిమ్మరసము పిండినచో దుంపయు కొంతసేపు నల్లబడదు. గాలిలోని ప్రాణవాయువు కాయలోని పదార్థములతో కలియుటవలన, అనగా ఆక్సీకరణమువలన, ఆ నలుపు వచ్చును. కావున నిమ్మరసములో ఆ కలయికను అడ్డుకొను పదార్థమేదో ఉండవలెనని ఆయన ఊహ. మూత్రపిండములపై టోపీవలె ఉండు అడ్రినల్ గ్రంథులు చెడిన రోగుల చర్మము కంచురంగునకు తిరుగునని వైద్యులకు అప్పటికే తెలియును. దుంప నలుపునకు ఆ చర్మపు నలుపునకు సంబంధముండునా అని ఆల్బర్టు పశువుల గ్రంథులను తెచ్చి పరీక్షించెను. నిమ్మరసములోని గుణమే వానిలోను కనబడెను. రోగమును గురించిన ఊహ పిమ్మట నిలువలేదు. పదార్థము మాత్రము నిజమే.

1924లో ఆయనను ఆదరించిన ఆచార్యుడు హాంబర్గరు మరణించెను. తరువాత వచ్చినవానికి ఈ దుంపలు, గ్రంథులు నచ్చలేదు. ఉద్యోగమునకు నిలుకడ లేకపోయెను. భార్యాబిడ్డలను పుట్టినింటికి పంపివేసి, ఇక జీవించి ప్రయోజనము లేదనుకొనువరకు ఆల్బర్టు మనస్సు క్రుంగెను. 1926లో స్టాక్‌హోమ్ నగరమున శరీరధర్మ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభ జరుగుచున్నది. చివరిసారిగా శాస్త్రజ్ఞుల నడుమ కూర్చుండి రావలెనని మాత్రమే ఆయన పోయెను. విటమినుల సంగతి లోకమునకు తెలిపినవారిలో ఒకరైన కేంబ్రిడ్జి ఆచార్యుడు ఫ్రెడరిక్ హాప్కిన్సు అధ్యక్షోపన్యాసమిచ్చుచు ఆల్బర్టు పేరును ఒక్కసారి కాదు, పలుమారు ఉదహరించెను. వెనుకవరుసలో కూర్చున్న పేదవాడు తన చెవులను తానే నమ్మలేదు. సభ ముగిసిన తరువాత ఆయన వెళ్ళి తన్ను తెలుపుకొనగా హాప్కిన్సు కేంబ్రిడ్జికి రమ్మని పిలిచి, రాక్‌ఫెల్లరు విద్యార్థివేతనము ఏర్పాటు చేయించెను. ఎదుటివాని పనిని చదివి, ఆ పేరును పదిమందిలో చెప్పుట ఎంతటి ఉపకారమో ఇందువలన తెలియును.

కేంబ్రిడ్జిలో ఆల్బర్టు ఆ పదార్థమును స్ఫటికములుగా విడదీసెను. అది చక్కెరకు దగ్గరి చుట్టమని కనుగొనెను గాని అంతకుమించి ఏమియు తెలియదు. పత్రికకు వ్యాసము వ్రాయునప్పుడు దానికొక పేరు కావలెను. చక్కెరల పేళ్ళు గ్లూకోజు, ఫ్రక్టోజు అని "ఓజు"తో ముగియును గదా! తనకు తెలియని చక్కెర గనుక, తెలియదను అర్థము వచ్చు లాటిను మాటకు ఆ తోకను తగిలించి "ఇగ్నోజు" అని పేరు పెట్టెను. సంపాదకునికి ఈ పరిహాసము రుచింపలేదు. వేరొక పేరు పంపుమనగా, దేవునికే తెలియును అను అర్థముతో "గాడ్‌నోజు" అని వ్రాసి పంపెను. సంపాదకుడు మరింత కోపించి, ఆరు బొగ్గు అణువులున్నందున హెక్సూరోనిక్ ఆమ్లము అని పేరును తానే నిర్ణయించెను. 1928లో అచ్చయిన ఆ వ్యాసములో ఆ పేరే ఉన్నది. కథ నవ్వు పుట్టించునదే. తెలియనిదానికి తెలియనిది అనియే పేరు పెట్టిన ఆ తెగువను మాత్రము చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దానితో పని కలదు.

పరీక్షలకు పదార్థము చాలదు. అమెరికాలోని మేయో వైద్యసంస్థకు పోయి, కబేళాలనుండి బండ్లకొలది గ్రంథులు తెప్పించి, ఏడాది శ్రమించి సుమారు 25 గ్రాములు సంపాదించెను. దానిలో కొంత బర్మింగ్‌హామ్‌లోని రసాయనశాస్త్రజ్ఞుడు హేవర్తుకు పంపగా, నిర్మాణము తేల్చుటకు అది చాలలేదు. 1930లో స్వదేశపు విద్యామంత్రి పిలుపుపై ఆల్బర్టు సెగెడ్ నగరమున వైద్యరసాయన శాస్త్రాచార్యుడయ్యెను. ఆ విశ్వవిద్యాలయమునకు కూడ ఒక కథ కలదు. అది మొదట కొలొజ్‌వార్ పట్టణములో ఉండెడిది. ఆ ప్రాంతము రుమేనియాకు పోగా, 1921లో పుస్తకములతోను గురువులతోను సెగెడుకు వలస వచ్చినది.

మరుసటి సంవత్సరము స్విర్బెలీ అను యువకుడు ఆయన ప్రయోగశాలకు వచ్చెను. అతడు హంగరీ సంతతికి చెందిన అమెరికావాడు. ఒక పదార్థములో సి విటమిను ఉన్నదో లేదో తేల్చు నేర్పు అతనికి కలదు. సి విటమిను లేనిచో స్కర్వీ అను వ్యాధి వచ్చును. చిగుళ్ళు వాచి నెత్తురు కారును, చర్మము క్రింద నెత్తురు చిమ్మును, పాతగాయములు తిరిగి విచ్చుకొనును. రక్తనాళముల గోడలను బిగియించి ఉంచు పదార్థము ఈ విటమిను లేనిదే చక్కగా తయారు కానందుననే ఈ నెత్తురుపాటు. ఏండ్ల తరబడి ఓడలలో పోవు నావికులు దీనిచే వేలకొలది మడిసిరి. నిమ్మ, నారింజ పండ్లు దీనిని మాన్పునని 1747లోనే బ్రిటిషు నౌకావైద్యుడు జేమ్సు లిండు రోగులను జంటలుగా విడదీసి పరీక్షించి చూపెను. పెక్కు జంతువులు ఈ విటమినును తమ శరీరములోనే చేసికొనును. మనుష్యునివలెనే గినీపంది చేసికొనలేదు. అందుచే స్విర్బెలీ గినీపందులను రెండు గుంపులు చేసెను. రెండింటికిని మరగించిన, విటమిను లేని మేతయే. ఒక గుంపునకు మాత్రము దినమునకు 1 మిల్లీగ్రాము హెక్సూరోనిక్ ఆమ్లము. అది తిననివి స్కర్వీతో చచ్చెను, తిన్నవి ఆరోగ్యముగా పెరిగెను. ప్రపంచమంతయు వెదకుచున్న సి విటమిను నాలుగేండ్లుగా ఆల్బర్టు సీసాలోనే ఉన్నదని 1932లో తేలినది. అమెరికాలోని చార్లెసు కింగు కూడ ఆ ఫలితమునే కొన్ని దినములు ముందుగా ప్రచురించుటచే ఎవరు ముందను తగవు చాలకాలము నడచినది. ఆ తగవులోనికి మేము దిగము.

ఇంతలో సీసా ఖాళీ అయినది. సెగెడు చుట్టుప్రక్కల కబేళాలలో అంతటి రాశి దొరకదు. నారింజ, నిమ్మరసములలో చక్కెరలు కలసియుండుటచే విడదీయుట కష్టము. ఒకనాటి రాత్రి భోజనమునకు భార్య పచ్చి పాప్రికా పండ్లు వడ్డించెను. ఆల్బర్టుకు తినబుద్ధి కాలేదు. వద్దని చెప్పుటకు మొగమాటమడ్డెను. ఈ కాయను ఎన్నడును పరీక్షింపలేదుగదా అని అప్పుడు స్ఫురించి, దానిని చేతబట్టుకొని ప్రయోగశాలకు పోయెను. నడిరేయి కాకముందే అది సి విటమినుకు గనియని తెలిసినది.

పాప్రికా అనగా మన మిరపజాతిదే. కొలంబసు తరువాత అమెరికాఖండమునుండి వచ్చిన ఆ మొక్క మన దేశమునకు పోర్చుగీసువారివలనను, హంగరీకి తురుష్కులవలనను చేరినదందురు. మేము ఉపాధ్యాయశిక్షణకై ఆంధ్రప్రదేశమునకు పోయి గుంటూరులో ఉన్న రోజులలో మిరపయార్డు ప్రక్కగా నడచినచో కన్నీరు కారెడిది. మన కన్నడసీమలోని బ్యాడగి మిరప అట్లు కాదు. కారము తక్కువ, రంగు ఎక్కువ, ఒడలు ముడతలు. పాప్రికాకు గుణమున ఇది దగ్గరిది. సెగెడు ఆ దేశపు మిరపకు రాజధాని. ప్రపంచములో మరెక్కడను దొరకని నిధి ఆయన కిటికీ క్రిందనే బండ్లకొలది అమ్ముడుపోవుచుండెను. కొద్ది వారములలో కిలోగ్రాముకు పైగా శుద్ధమైన విటమిను చేతికి వచ్చినది. అడిగినవారికెల్ల ఆయన దానిని ఉచితముగా పంచిపెట్టెను. హేవర్తు 1933లో నిర్మాణము తేల్చెను. స్కర్వీని పారద్రోలునది గనుక ఆస్కార్బిక్ ఆమ్లమని ఇద్దరును కలసి పేరు పెట్టిరి. ఈ గుణము పచ్చిగా ఉన్న పండుది. ఎండబెట్టి దంచిన కారములో అది చాలవరకు నశించును. మా మాట నమ్మి ఎవరును కూరలో రెట్టింపు కారము వేయకుందురుగాక.

ఆ బాలిక ప్రశ్నకు సూటిగా తగులు ఘట్టము దీని తరువాతిది. ఆస్ట్రియాలోని వైద్యమిత్రుడొకడు నెత్తురుపాటు వ్యాధిచే బాధపడుచు సి విటమిను పంపుమని ఆల్బర్టుకు వ్రాసెను. శుద్ధమైన విటమిను అప్పటికి చేతిలో లేనందున ఆయన పాప్రికా పండ్లనే పంపెను. మిత్రుడు కోలుకొనెను. ఇదియే మన వీధిలో జరిగినచో, మిరప నెత్తురును కట్టునని మరునాటికి ఊరంతయు ప్రచారమగును. ఆల్బర్టు అక్కడ ఆగలేదు. శుద్ధమైన విటమిను సమకూడిన తరువాత రుస్న్యాక్ అను వైద్యునితో కలసి అట్టి రోగులకే ఇచ్చి చూచెను. గుణము కనబడలేదు! అట్లయినచో పండులో మరియొకటి ఏదో ఉండవలెను. వెదకగా పండ్లతొక్కలకు పసుపువన్నె నిచ్చు ఫ్లేవోనులు అను పదార్థములపై అనుమానము నిలిచెను. అవి సన్నని రక్తనాళములను గట్టిపరచి నెత్తురు ఊరకుండ చేయునని 1936లో వారు ప్రకటించి, దానికి "పి" విటమిను అని పేరు పెట్టిరి.

"పి" అక్షరమే ఎందుకు? అప్పటికి ఇంగ్లీషు అక్షరమాలలో మొదటి కొన్ని అక్షరములు మాత్రమే విటమినులకు వాడబడియుండెను. ఇది నిజముగా విటమిను అగునో కాదో ఆల్బర్టుకే గట్టి నమ్మకము లేదు. దూరపు అక్షరము పెట్టినచో, తన మాట తప్పని తేలిననాడు వరుస చెడకుండ ఆ పేరును తీసివేయవచ్చునని ఆయన ఆలోచన. తాను తప్పియుండవచ్చునని ముందే స్థలము విడిచిపెట్టిన ఈ వివేకము మాకు నోబెలు బహుమానముకంటె గొప్పదిగా తోచుచున్నది. అట్లే జరిగినది కూడ. తరువాతి ప్రయోగములలో ఆ ఫలితము నిలకడగా రాలేదు. అది లేనిదే జీవి మనలేదని ఋజువు కాలేదు. 1950లో అమెరికాలోని శాస్త్రజ్ఞుల సంఘము ఆ పేరును విడువవలెనని నిర్ణయించినది. ఫ్లేవోనులు ఉన్నవి, వానిని గురించి పరిశోధన నేటికిని సాగుచున్నది. "పి" విటమిను మాత్రము లేదు.

1937లో ఆల్బర్టుకు వైద్యశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చెను. అటుపిమ్మట ఆయన విటమినులను విడిచి కండరములను పట్టెను. కండ ఎట్లు ముడుచుకొనును? ఆయన సెగెడు ప్రయోగశాలలో కండరపు మాంసకృత్తులను దారమువలె తీసి, ఏటీపీ అను పదార్థపు నీటిలో వేయగా, ప్రాణములేని ఆ దారము కండ్లయెదుటనే కుంచించుకొనిపోయెను. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో ఒకరు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. హార్వర్డులో ఫిస్కేతో కలసి ఆయన దానిని తీయగా, జర్మనీలో లోమాను కూడ అప్పుడే కనుగొనెను. వారు కనుగొన్న పదార్థముతో సెగెడులో కండ కదలినది.

ఏటీపీయే మెదడునకును ఇంధనము. శరీరపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్ళే. మనము పీల్చు ప్రాణవాయువులో సుమారు ఐదవవంతు దానికే కావలెను. నిలువ చేసికొను కొట్టు దానికి లేదు. నాళము మూసుకొన్న నిమిషములలో ఏటీపీ తరిగి కణములు చచ్చుట మొదలగును. పెద్దనాళము మూసుకొన్నచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని వైద్యుల లెక్క. రక్తము తిరిగి పారినను ప్రాణవాయువు అతితీవ్రమైన రూపములు దాల్చి కణముల పొరలను కొంత చెరుపును. దుంపను నల్లబరచునట్టి ఆక్సీకరణమే ఇక్కడను పనిచేయును. దానిని నిమ్మరసము అడ్డినట్లు మరియొక చెట్టురసము మెదడునందు అడ్డకూడదా అను ఆశ సహజమే. ఉల్లిలోని క్వెర్సెటిను, పసుపులోని కుర్కుమిను, ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాలు ఎలుకల మెదడునందు గాయమును తగ్గించినట్లు అనేక ప్రయోగశాలలు తెలిపినవి. ఎలుకనుండి మనుష్యునివరకు దారి మాత్రము చాల పొడవు. పక్షవాతమునకై అప్పటివరకు ప్రయోగశాలలలో పరీక్షించిన చికిత్సలను 2006లో శాస్త్రజ్ఞులు లెక్కించగా 1,026 తేలినవి. వానిలో మెదడును కాపాడునని మనుష్యులలో నిస్సంశయముగా ఋజువై నిలిచిన మందు లేదు. ఆల్బర్టు స్వదేశములోనే వింకా అను పూలమొక్కలోని పదార్థమునుండి విన్‌పొసెటిను అను మందును తయారుచేసిరి. అది 1978నుండి పలుదేశములలో మెదడు రక్తప్రసారమునకై వాడబడినది. పక్షవాతము వచ్చిన తొలిదినములలో దాని మేలు ఋజువు కాలేదు.

ఆశ పూర్తిగా ఎండిపోలేదు. సెలరీ అను ఆకుకూర విత్తనములలో కనుగొన్న బ్యూటైల్‌ఫ్తాలైడు అను పదార్థమును చైనాలో 2002నుండి పక్షవాతమునకు మందుగా అనుమతించిరి. అచ్చట 1,216 మంది రోగులను రెండు గుంపులుగా చేసి, ఏ గుంపు మందు పుచ్చుకొనుచున్నదో రోగికిని వైద్యునికిని తెలియకుండ పరీక్షించి, 2023లో ఫలితములు ప్రచురించిరి. తొంబది దినముల పిదప మందు పుచ్చుకొన్నవారిలో నూటికి సుమారు 57 మంది, పుచ్చుకొననివారిలో 44 మంది బాగుగా కోలుకొనిరి. మిగిలిన దేశములలో కూడ ఇట్లే తేలవలసియున్నది. ఒక్క సంగతి మరువరాదు. ఆ రెండు గుంపులవారికిని ముందుగా ఆసుపత్రిలో గడ్డను కరిగించిరి, లేక గొట్టముతో లాగివేసిరి. ఆకుమందు ఆ చికిత్సకు తోడు మాత్రమే.

మా ఇంట పోసిన పసరులో ఏముండెనో ఎవరికి తెలియును? పోసినవానికిని తెలియదు. నాళము మూసుకొన్నదా, పగిలినదా అనునదియు అతనికి తెలియదు. గడ్డ కరుగు సూది పగిలిన నాళమునకు విషముతో సమానము. తల చిత్రము తీసి చూచినగాని వైద్యుడైనను చెప్పలేడు. ఆ సూదికి సాధారణముగా వ్యాధి మొదలైనది మొదలు నాలుగున్నర గంటలే గడువు. నేడు మా పెదనాయనగారి ఇంటి నడవలో, పంచాంగము ప్రక్కన, మా పెద్దమ్మగారు ఒక కాగితము అంటించిరి. నోరు వంకరపోయినదా, చేయి జారినదా, మాట తడబడినదా అని మూడు ప్రశ్నలు, క్రింద 108 అను అంకె. ఆయన మాత్రము ప్రతిదినము ఉదయము నిమ్మరసము త్రాగుచునే ఉన్నారు, త్రాగుటలో తప్పేమియు లేదు.

ఇక ఆల్బర్టు శేషజీవితము. 1940లో రష్యా దాడికి గురియైన ఫిన్లండుకు సహాయముగా ఆయన తన నోబెలు బంగారుపతకమును ఇచ్చివేసెను. హంగరీ హిట్లరు పక్షమున యుద్ధములో ఉండగా, 1943లో ఉపన్యాసమిచ్చు మిషతో ఇస్తాంబులుకు పోయి బ్రిటిషువారితో రహస్యముగా మాటలాడెను. సంగతి జర్మనులకు తెలిసినది. 1944లో వారు దేశమును ఆక్రమింపగా ఆయన మారుపేరుతో దాగి, కొంతకాలము స్వీడను రాయబార కార్యాలయమున తలదాచుకొని ప్రాణము దక్కించుకొనెను. ఒకనాడు చావు తప్పించుకొనుటకు చేతిలో కాల్చుకొన్నవాడు ఈనాడు తానే చావును వెదకుకొని పోయెనని పిరికితనము అంటగట్టువారు గమనింపవలెను. యుద్ధానంతరము ఏర్పడిన ప్రభుత్వముతోను పొసగక 1947లో అమెరికాకు పోయి, అట్లాంటికు తీరమున వుడ్సుహోలు అను చిన్నయూరి సముద్రజీవశాస్త్ర సంస్థలో స్థిరపడెను.

అచ్చట ఆయన జీవితము సుఖముగా సాగలేదు. రెండవ భార్య మార్తా 1963లోను, ఏకైక కుమార్తె 1969లోను క్యాన్సరుచే మరణించిరి. డెబ్బదియేండ్లు దాటిన పిదప ఆయన ఆ వ్యాధి మూలమును కనుగొనవలెనని పట్టుపట్టెను. జీవకణములలో ఎలక్ట్రానుల కదలికయే కీలకమని ఆయన సిద్ధాంతము. దానిని అంగీకరించినవారు తక్కువ. ప్రభుత్వధనము సరిగా అందలేదు. అణ్వస్త్రములను, వియత్నాము యుద్ధమును బాహాటముగా నిరసించినందున పలువురికి కంటగింపు అయ్యెను. దాతలను కూడగట్టుకొని చివరివరకు ప్రయోగశాలకు పోవుచునే ఉండెను. తొంబదిమూడేండ్ల ప్రాయమున 1986వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన వుడ్సుహోలులోనే కన్నుమూసెను. మరుసటి సంవత్సరము సెగెడు వైద్యవిశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. ఫిన్లండుకు ఇచ్చివేసిన పతకమును అచ్చటి వర్తకప్రముఖుడొకడు కొని, కరిగింపనీయక హంగరీకి తిరిగి పంపెను. అది నేడు బుడాపెస్టులోని జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నది.